కల్చర్ రిపోర్టులో 'ఎస్' అని ఉన్నా కన్ను ఎందుకు మానదు? కంటి ఇన్ఫెక్షన్లలో బయోఫిల్మ్ పాత్ర

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో కంటి డాక్టరు గది బయట కూర్చున్నవాళ్ల చేతుల్లో తరచు ఒక కాగితం కనిపిస్తుంది. కల్చర్ అండ్ సెన్సిటివిటీ రిపోర్టు. పైన బ్యాక్టీరియా పేరు, కింద యాంటీబయాటిక్‌ల వరస, ఒక్కో మందు పక్కన ఎస్ లేదా ఆర్ అన్న అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. తమకు రాసిన మందు పక్కన ఎస్ చూసుకుని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. చెప్పినట్టే చుక్కలు వేస్తారు. వారం గడుస్తుంది. నొప్పి కాస్త తగ్గుతుంది కానీ ఎరుపు పోదు, నల్లగుడ్డు మీది తెల్లమచ్చ కదలదు. ఇక అక్కణ్ణుంచి టెన్షన్. రిపోర్టు తప్పా? మందు నకిలీదా? డాక్టరుకు అంతు చిక్కలేదా?

ఈ మూడూ కాకుండా నాలుగో కారణం ఉండొచ్చు. ల్యాబ్‌లో మందుకు లొంగిన బ్యాక్టీరియా, కంట్లో ఉన్న బ్యాక్టీరియా ఒకటే అయినా, రెండు చోట్లా అది బతికే తీరు వేరు. ఆ తేడా అర్థమైతే డాక్టర్లు చేసే కొన్ని పనులు, మందు గంటగంటకూ వేయమనడం, ఒక్కోసారి అమర్చిన లెన్స్‌నే తీసేయాలనడం, ఎందుకో తెలుస్తుంది. ఎక్కడ ఈ వివరణ పనికిరాదో కూడా తెలుస్తుంది. బయోఫిల్మ్ అన్న మాట ఇప్పుడు ప్రతి మొండి జబ్బుకూ వాడేస్తున్నారు కాబట్టి ఆ రెండోది కూడా ముఖ్యమే.

ఒకే బ్యాక్టీరియా, రెండు రకాల బతుకు

బ్యాక్టీరియా నీటిలోనో కన్నీటిలోనో ఒంటరిగా ఈదుతూ తిరగగలదు. లేదంటే ఏదైనా ఉపరితలాన్ని పట్టుకుని, తోటి బ్యాక్టీరియాతో గుంపు కట్టి, తామే తయారుచేసుకున్న బంకలో కూరుకుని ఉండిపోగలదు. ఈ రెండో స్థితి పేరే బయోఫిల్మ్. ఆ బంకలో ఎక్కువ భాగం నీళ్లే. మిగిలినది పొడవాటి చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన కణాల్లోంచి బయటపడ్డ డీఎన్‌ఏ. డీఎన్‌ఏ అనగానే వంశపారంపర్యం గుర్తొస్తుంది కానీ, ఇక్కడ అది కేవలం పొరను పట్టి ఉంచే తాడులా పనికొస్తుంది.

బయోఫిల్మ్ అరుదైన వస్తువేం కాదు. డాబా మీది నీళ్ల ట్యాంకు లోపలి గోడ మీద చేతికి జారే పాచిలో ఉండేది అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాక సంపులు, ట్యాంకులు కడుక్కున్నవాళ్లకు దాని మొండితనం బాగా తెలుసు. నీళ్లు పారబోసినంత మాత్రాన అది పోదు, బ్లీచింగ్ కలిపి వదిలేసినా పూర్తిగా పోదు, చేత్తో తోమాల్సిందే. పళ్ల మీద పట్టే పాచి కూడా బయోఫిల్మే. మనిషి మొట్టమొదట దీన్ని చూసింది అక్కడే. 1680లలో హాలండ్‌కు చెందిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ల మీద గీకిన పాచిని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. లోపల జీవులు కదులుతున్నాయి. పళ్లు వెనిగర్‌తో కడిగినా అవి ఎందుకు మిగిలాయో కూడా ఆలోచించి, పాచి పైభాగంలో ఉన్నవే చచ్చాయి, వెనిగర్ లోపలిదాకా దిగలేదు అని రాశాడు. యాంటీబయాటిక్‌లు రావడానికి దాదాపు 250 ఏళ్ల ముందే మన ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

కన్ను తేలిగ్గా లొంగే చోటు కాదు

రెప్పల అంచుల్లో, కంటి తెల్లభాగం మీది పొరలో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. ముఖ్యంగా స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, మన చర్మమంతా ఉండేదే. అయినా మనలో ఎక్కువమందికి కంటి ఇన్ఫెక్షన్ రాదు. కారణం, కంటి ముందుభాగం నిలకడగా ఉండే ఉపరితలం కాదు. నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప పడుతుంది. పడ్డ ప్రతిసారీ కన్నీరు కంటిని తుడిచి ముక్కువైపు సన్నటి నాళంలోకి పంపేస్తుంది. ఆ కన్నీటిలో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంది, అది బ్యాక్టీరియా గోడను కోసేస్తుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ కంటే ముందే, 1920ల మొదట్లో, దాన్ని కనిపెట్టాడు.

మన విషయానికి ఇంకా దగ్గరి పదార్థం లాక్టోఫెరిన్. కన్నీటిలో దండిగా ఉండే ఈ ప్రోటీన్ ఇనుమును పట్టేసుకుంటుంది. ఇనుము దొరకకపోతే సూడోమోనాస్ ఎరుగినోసా అనే బ్యాక్టీరియా ఒకచోట కుదురుకోదు, ఉపరితలం మీద పాకుతూ తిరుగుతూనే ఉంటుంది. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ సంగతి చూపించింది. బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో కూడా లాక్టోఫెరిన్ బయోఫిల్మ్ కట్టకుండా ఆపింది. అంటే మన కన్నీరు బ్యాక్టీరియాను చంపడంతోపాటు కూర్చోనివ్వకుండా కూడా చూస్తుంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే.

ఇక నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా. దాని మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం బ్యాక్టీరియాకు లోపలికి దారి దొరకడం కష్టం. ప్రయోగాల్లో ఎలుకల కంట్లో సూడోమోనాస్ వేసినా, గీత పడకపోతే కన్ను దాన్ని వదిలించుకుంటుంది. మన జిల్లాల్లో ఆ గీత పడే సందర్భాలకు కొదవలేదు. నూర్పిళ్లప్పుడు వడ్ల ఊక, మిర్చి కోతలో ఆకు అంచు, పత్తి కట్టె, హైవే మీద బండి తోలేటప్పుడు ఎగిరిపడే ఇసుక రేణువు. కంట్లో నలుసు పడగానే నలిపితే గీత ఇంకా లోతవుతుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. చూపు కోసం అది పారదర్శకంగా ఉండాలి కాబట్టి తప్పదు. దానివల్ల రక్తం ద్వారా రావాల్సిన తెల్లకణాలు అంచుల నుంచీ కన్నీటి నుంచీ నడిచి రావాలి, ఆలస్యమవుతుంది.

తొలి పట్టు నుంచి పొర దాకా: ఒక లెన్స్ డబ్బా కథ

దశలు వరసగా అర్థం కావాలంటే ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విజయవాడ దగ్గర్లో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండే అమ్మాయి. పెళ్లిళ్ల సీజన్‌లో కలర్ కాంటాక్ట్ లెన్స్‌లు కొనుక్కుంది. రాత్రి తీసి డబ్బాలో పెడుతుంది. సొల్యూషన్ ఖరీదు కాబట్టి నిన్నటిది పారబోయకుండా దాని మీదే కాస్త కొత్తది పోస్తుంది. డబ్బాను బాత్‌రూమ్ కుళాయి కింద కడిగి మూత పెట్టేస్తుంది.

లెన్స్ కంట్లోకి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే కన్నీటిలోని ప్రోటీన్లు, కొవ్వులు దాని మీద పల్చగా అంటుకుంటాయి. శుభ్రమైన ప్లాస్టిక్ కంటే ఈ పూత పడ్డ ప్లాస్టిక్‌ను పట్టుకోవడం చాలా బ్యాక్టీరియాలకు తేలిక.

కుళాయి నీటి నుంచి డబ్బాలోకి ఓ పది సూడోమోనాస్ కణాలు వచ్చాయనుకుందాం. తేమ ఉన్నచోటల్లా బతికే బ్యాక్టీరియా అది. వాటికి తోకలాంటి ఫ్లాజెల్లం ఉంటుంది, దాంతో ఈదుతూ వచ్చి డబ్బా గోడను తాకుతాయి. ఈ తొలి స్పర్శ గట్టిది కాదు. కాసేపు అంటుకుని మళ్లీ విడిపోవచ్చు. ఈ దశలో రుద్ది కడిగితే పోతాయి. సొల్యూషన్ అమ్మేవాళ్లు లెన్స్‌ను వేలితో రుద్దమని చెప్పేది ఇందుకే.

వదిలేస్తే కథ మారుతుంది. ఉపరితలం తగిలిందని కణానికి తెలియగానే లోపల సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది పెరిగితే రెండు పనులు జరుగుతాయి. తోక తిరగడం తగ్గుతుంది, బంక తయారీ మొదలవుతుంది. సూడోమోనాస్ బంకలో పీఎస్‌ఎల్, పెల్ అని పిలిచే చక్కెర గొలుసులు ముఖ్యమైనవి. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌కు ఈదే తోక లేదు. అది పైపొర ప్రోటీన్లతో అంటుకుని, తన రకం చక్కెర బంకతో ఒక కణాన్ని ఇంకో కణానికి అతికించుకుంటూ పోతుంది.

అంటుకున్నవి అక్కడే రెండింతలవుతూ చిన్న గుట్టలు కడతాయి. అనుకూలమైన పరిస్థితుల్లో అరగంటకోసారి రెట్టింపు అయ్యాయనుకుంటే, రాత్రి 10 నుంచి తెల్లవారి 6 దాకా 16 రెట్టింపులు. పది కణాలు 6,55,360 అవుతాయి. సొల్యూషన్‌లో ఉండే క్రిమిసంహారక మందు వేగాన్ని తగ్గిస్తుంది, కాబట్టి నిజంలో అంత ఉండకపోవచ్చు. కానీ నిన్నటి పాత సొల్యూషన్‌లో ఆ మందు బలం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది.

గుంపు పెరిగాక అవి ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకుంటాయి. ఒక్కో కణం వదిలేది కొంచెమే. చుట్టూ తోటివాళ్లు ఎక్కువైతే ఆ సంకేతం చిక్కబడుతుంది. పంచాయతీ సమావేశంలో కోరం నిండితేనే తీర్మానం జరిగినట్టు, సంకేతం ఒక స్థాయి దాటాకే కణాలన్నీ కలిసి కొత్త పనులు మొదలుపెడతాయి. బంక ఇంకా ఎక్కువ చేయడం, కార్నియాను కరిగించే ఎంజైములు వదలడం లాంటివి. దీన్నే కోరం సెన్సింగ్ అంటారు. కొద్దిమందే ఉన్నప్పుడు ఎంజైములు వదిలితే శరీరం అప్రమత్తమై వెంటనే తుడిచేస్తుంది. తగినంత బలగం కూడేదాకా ఆగడం బ్యాక్టీరియాకు లాభం.

ఒకటి రెండు రోజుల్లో పొర ముదురుతుంది. లోపల సన్నటి దారులు ఏర్పడతాయి, వాటిగుండా నీరు, ఆహారం పోతాయి. పై కణాలకు ఆక్సిజన్ బాగా అందుతుంది, అడుగు కణాలకు అందదు. అవి దాదాపు నిద్రలో ఉంటాయి. చివరి దశలో కొన్ని కణాలు బంకను వదిలించుకుని మళ్లీ ఈత మొదలుపెడతాయి. డబ్బా నుంచి లెన్స్‌కు, లెన్స్ నుంచి కంటికి వచ్చేవి ఇలా విడిపోయినవీ, ముక్కలుగా ఊడివచ్చిన పొరలూనూ.

ఇప్పుడు ఆ అమ్మాయి లెన్స్ పెట్టుకునే నిద్రపోయిందనుకోండి. రెప్ప పడదు, తుడుపు లేదు. లెన్స్ వెనకాల కన్నీరు కదలక నిలిచిపోతుంది. కార్నియాకు ఆక్సిజన్ తగ్గి పైపొర కణాలు నీరసిస్తాయి. బ్యాక్టీరియా తరిమివేతకు దొరకకుండా కార్నియాను ఆనుకుని గంటల తరబడి ఉండగలుగుతుంది. సూడోమోనాస్ ఇన్ఫెక్షన్ ముదిరితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా కరిగి చిల్లి పడొచ్చు. కంటి డాక్టర్లు లెన్స్ వాడేవాళ్ల ఎర్రకన్నును ఎందుకంత అత్యవసరంగా చూస్తారో ఈ వేగమే చెబుతుంది.

ఎస్ అన్న అక్షరం ఎలా పుడుతుంది

ల్యాబ్ పరీక్షను దగ్గర్నుంచి చూస్తే విషయం తేటపడుతుంది. మొద్దుబార్చే చుక్కలు వేసి, కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి, తెల్లమచ్చగా కనిపించే కార్నియా పుండు అంచు నుంచి సన్నటి బ్లేడుతో కొంచెం గీకి తీస్తారు. అందులో పెరిగిన బ్యాక్టీరియాను ద్రవంలో కలిపి, గుండ్రటి ప్లేటులోని జెల్లీ మీద దూదితో సమంగా పూస్తారు. దాని మీద ఒక్కో మందు నింపిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. మర్నాటికి ప్లేటంతా బూజులా తెల్లగా పెరుగుతుంది, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఉంటుంది. స్కేలుతో ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. నిర్ణయించిన కొలతకు మించి ఉంటే ఎస్.

ఈ పరీక్ష చెప్పేది నిజమే. కాకపోతే అది తాజాగా, చురుగ్గా పెరుగుతూ, బంక లేకుండా పల్చగా పరిచిన బ్యాక్టీరియా గురించి చెబుతుంది. బయోఫిల్మ్‌లో ఉన్నవాటి పరిస్థితి వేరు. కొన్ని మందులు బంకకు అంటుకుని లోపలికి నెమ్మదిగా దిగుతాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణం మీదే బాగా పనిచేస్తాయి, అడుగున నిద్రలో ఉన్న కణం మీద వాటికి పట్టు తక్కువ. పెర్సిస్టర్లు అనే కొద్ది కణాలు మందు ఉన్నంతసేపూ పూర్తిగా స్తంభించి, మందు పోయాక మళ్లీ లేస్తాయి. వీటి సంతతిని తీసి పరీక్షిస్తే మళ్లీ ఎస్ అనే వస్తుంది. జన్యువుల్లో ఏ మార్పూ ఉండదు మరి. అందుకే నిపుణులు దీన్ని ఔషధ నిరోధకత అనరు, తట్టుకునే శక్తి అంటారు. నిరోధకత ఉన్న బ్యాక్టీరియా ఎక్కడున్నా మందుకు లొంగదు. తట్టుకునేది పొరలో ఉన్నంతసేపే లొంగదు.

తేడా ఎంత? పొరలో ఉన్నవాటిని చంపడానికి మామూలు కంటే 10 నుంచి 1000 రెట్ల వరకు మందు పట్టొచ్చని ప్రయోగాలు చెబుతాయి. ఇది కంటి చుక్కల విషయంలో ఏం తెస్తుందో లెక్క వేసి చూద్దాం.

మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 0.5 శాతం ఉన్న చుక్కల మందులో మిల్లీలీటరుకు 5000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. రెప్పల మధ్య 30కి మించి పట్టదు, మిగిలింది చెంప మీదికి జారుతుంది. పట్టిన మందు కన్నీటితో కొట్టుకుపోతూ ప్రతి 5 నిమిషాలకూ సగమవుతుందని అనుకుందాం. 5000, 2500, 1250, 625 అలా దిగుతూ, 20వ నిమిషానికి 312, అరగంటకు 78, గంటకు 1 కంటే కాస్త ఎక్కువ. ఈదే బ్యాక్టీరియా చావడానికి 1 చాలనుకుంటే గంటకొక చుక్క సరిగ్గా సరిపోతుంది, మందు ఎప్పుడూ ఆ గీత కిందికి పోదు. పొరలో ఉన్నదానికి 500 కావాలనుకుంటే? ప్రతి చుక్క తర్వాత సుమారు 16 నిమిషాలే పని జరుగుతుంది. రోజుకు నాలుగు చుక్కలైతే మొత్తం గంటకు కాస్త ఎక్కువ. రాత్రీ పగలూ గంటకొకటి వేస్తే ఆరు గంటలు దాటుతుంది.

నిజమైన కంట్లో అంకెలు ఇంత నున్నగా ఉండవు. కార్నియా కొంత మందును పీల్చి దాచుకుంటుంది, ఎర్రబడ్డ కంట్లో నీరు ఇంకా త్వరగా కారుతుంది. అయినా తర్కం అదే. తీవ్రమైన పుండుకు మొదటి రెండు రోజులు నిద్రలేపి మరీ గంటగంటకూ చుక్కలు వేయించడం, మామూలు కంటే చిక్కగా కలిపిన ఫోర్టిఫైడ్ చుక్కలు తయారుచేయడం, మధ్యమధ్య పుండును గీకి చచ్చిన కణజాలాన్ని తీసేయడం, ఇవన్నీ ఈ తర్కానికి సరిపోతాయి. గీకడం వల్ల పొర చెదిరి మందుకు దారి కూడా దొరుకుతుంది.

శుక్లాల ఆపరేషన్ తర్వాత నెలలకు ఎర్రబడే కన్ను

బయోఫిల్మ్ పాత్ర మీద అన్నిటికంటే తక్కువ వాదన ఉన్నది ఇక్కడ. శుక్లం తీసి ప్లాస్టిక్ లెన్స్ పెట్టడం లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదలుపెట్టాడు. ఇప్పుడు అది మన ఊళ్లలో అత్యంత మామూలు ఆపరేషన్, ప్రమాదం చాలా తక్కువ. కానీ లోపల పెట్టిన లెన్స్ కూడా ఉపరితలమే. పైగా అక్కడ రెప్ప తుడుపు ఉండదు.

క్యుటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే చర్మపు బ్యాక్టీరియా ఆపరేషన్ సమయంలో లోపలికి జారి, లెన్స్‌కూ దాన్ని పట్టి ఉంచే సంచికీ మధ్య కుదురుకుందనుకోండి. అది చాలా నెమ్మదైనది. నెలలపాటు ఏమీ తెలియదు. తర్వాత కన్ను కాస్త ఎర్రబడుతుంది, చూపు మసకబారుతుంది. వాపును, శరీరం ఎదురుదాడిని అణిచే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే తగ్గిపోతుంది, ఆపితే తిరగబెడుతుంది. జాగ్రత్తగా చూస్తే సంచి మీద తెల్లటి పొర కనిపిస్తుంది. కంట్లోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చినా చాలామందిలో మళ్లీ వస్తుంది. చివరికి ఆ సంచి భాగాన్నీ, కొన్నిసార్లు లెన్స్‌నూ తీసేయాల్సి వస్తుంది. బ్యాక్టీరియాకు మందు పడకపోవడం వల్ల ఇలా జరగదు. మందు దానిదాకా సరిగ్గా చేరకపోవడం వల్ల జరుగుతుంది. 'బాగా చేసిన ఆపరేషన్ మళ్లీ ఎందుకు విప్పుతున్నారు' అని బాధపడే కుటుంబాలకు ఈ ఒక్క ముక్క ఎవరైనా ఓపిగ్గా చెబితే ఎంత బాగుండు అనిపిస్తుంది.

బ్యాక్టీరియా ఎక్కువగా వచ్చేది రోగి సొంత రెప్పల నుంచే. ఆపరేషన్ ముందు కంట్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ అనే క్రిమిసంహారకం వేసి కొద్ది నిమిషాలు ఆగేది అందుకు. కన్నీటి నాళంలోకి సన్నటి సూదితో సెలైన్ కొట్టి, 'గొంతులో ఉప్పగా తగిలిందా అమ్మా?' అని అడిగే పరీక్ష చాలామంది పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఉప్పగా తగిలితే నాళం బాగున్నట్టు. నీళ్లు వెనక్కొచ్చి, వాటితో చీము కూడా వస్తే ఆపరేషన్ వాయిదా. కన్నీటి తిత్తిలో నిలిచిన నీరు బ్యాక్టీరియాకు స్థావరం.

ఆపరేషన్ చివర్లో కంటి లోపలే మాక్సిఫ్లాక్సాసిన్ వేయడం ఇంకో పద్ధతి. అరవింద్ కంటి ఆసుపత్రులు 6 లక్షల ఆపరేషన్ల లెక్కలు చూసి 2017లో ప్రచురించాయి. లోపలి ఇన్ఫెక్షన్ 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గింది. అంటే 10,000 ఆపరేషన్లకు 7 నుంచి 2కు. ఇది చీటీలు తీసి రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదు, పాత రికార్డుల పోలిక. బయోఫిల్మ్‌ను అది కొలవనూ లేదు. అయినా బ్యాక్టీరియా ఇంకా కుదురుకోకముందే మందు అందడం ఎంత విలువైనదో ఆ అంకెలు సూచిస్తాయని నా అభిప్రాయం.

కళ్లముందు కనిపించే బయోఫిల్మ్

కార్నియా లోపల బయోఫిల్మ్‌ను నేరుగా చూడగల అరుదైన జబ్బు ఒకటుంది. ఇన్ఫెక్షియస్ క్రిస్టలైన్ కెరటోపతీ అంటారు. కార్నియా మార్పిడి చేయించుకుని చాలాకాలం స్టెరాయిడ్ చుక్కలు వాడినవాళ్లలో ఎక్కువగా వస్తుంది. స్లిట్ ల్యాంప్ వెలుగులో కార్నియా పొరల మధ్య తెల్లటి సూదుల్లాంటి కొమ్మలు విస్తరించి కనిపిస్తాయి. ఆశ్చర్యం ఏమిటంటే కన్ను పెద్దగా ఎర్రగా ఉండదు, వాపూ తక్కువే. స్ట్రెప్టోకాకస్ రకం బ్యాక్టీరియా బంకలో మూసుకుని ఉంటుంది, స్టెరాయిడ్ వల్ల శరీరం దాన్ని పట్టించుకోదు. పైపైన గీకితే కల్చర్‌లో ఏమీ రాకపోవచ్చు, లోతు నుంచి ముక్క తీయాలి. మానడానికి నెలలు పట్టొచ్చు.

మొండి కన్ను అంతా బయోఫిల్మేనా?

కాదు. ఇక్కడే గందరగోళం ఎక్కువ. 2023 వానాకాలంలో మన రాష్ట్రంలో, పక్క రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగిన కళ్ల కలక ప్రధానంగా వైరస్‌లది, దానికీ బయోఫిల్మ్‌కూ సంబంధం లేదు. వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. పొలంలో ఊక తగిలి వచ్చే పుండ్లలో, దక్షిణ భారతంలో, శిలీంధ్రాలు పెద్ద వాటా. వాటికి బ్యాక్టీరియా మందు ఎన్ని వారాలు వేసినా లాభం ఉండదు. తప్పు మందు పడటం, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు, రోజుకు ఆరుసార్లు వేయాల్సింది రెండుసార్లు వేయడం, అసలు ఆర్ ఉన్న బ్యాక్టీరియా కావడం, ఇవన్నీ బయోఫిల్మ్ కంటే ముందు పరిశీలించాల్సినవి. 2023లో అమెరికాలో చెన్నై సంస్థ తయారుచేసిన కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడ్డ సూడోమోనాస్ వ్యాప్తి 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మంది చూపు పోగొట్టుకున్నారు, నలుగురు చనిపోయారు. అక్కడ ప్రధాన శత్రువు అసలైన ఔషధ నిరోధకతే. బలమైన కార్బపెనెమ్ మందులకూ ఆ బ్యాక్టీరియా లొంగలేదు.

బ్యాక్టీరియా పుండ్లలో కూడా నిపుణులు ఏకమాట మీద లేరు. ఒక వర్గం వాదన ఇది: సూడోమోనాస్ పుండు గంటల్లో ముదురుతుంది, విషపదార్థాలు, ఎంజైములు, తెల్లకణాల దాడి వల్ల కార్నియా కరుగుతుంది. తీరిగ్గా పొర కట్టుకునే సమయం ఏది? బయోఫిల్మ్ లెన్స్ మీదా డబ్బాలోనూ ఉంటుంది, కంట్లోకి వచ్చేది దాని నుంచి విడిపోయిన కణాలే. రెండో వర్గం, కార్నియా కణజాలంలోనే బంకలో చుట్టుకున్న గుంపులను చూశామంటుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు కంటి రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా పొరలు కట్టడాన్ని, పొరలో ఉన్నప్పుడు మందులను ఎక్కువ తట్టుకోవడాన్ని ల్యాబ్‌లో చూపించారు. విజయవాడలో తాడిగడపలో ఉన్నది ఆ సంస్థ శాఖే.

ల్యాబ్‌లో పొరను కొలిచే పద్ధతి సులువైనదే. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో బ్యాక్టీరియా పెంచి, ద్రవం పారబోసి కడుగుతారు. అంటుకుని మిగిలినదానికి ఊదారంగు వేస్తారు. రంగు ఎంత చిక్కగా ఉంటే పొర అంత మందం. చిక్కు ఏమిటంటే ఆ ప్లాస్టిక్ గుంటలో కన్నీరు లేదు, లాక్టోఫెరిన్ లేదు, రెప్ప లేదు, తెల్లకణాలు లేవు. అక్కడ బాగా పొర కట్టినది కంట్లోనూ కడుతుందన్న హామీ లేదు. మామూలు ఆసుపత్రి రిపోర్టులో ఈ పరీక్ష కనిపించకపోవడానికి ముఖ్య కారణం అదే.

డబ్బాలోని పొరే అంతటికీ కారణమన్న వాదనకు ఇంకో ఇబ్బంది ఉంది. రోజూ పారేసే లెన్స్‌లకు డబ్బానే అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 2008లో వెలువడిన పెద్ద సర్వేలో మెత్తటి లెన్స్‌లు పగలు మాత్రమే వాడేవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో సుమారు 2 పుండ్లు, పెట్టుకుని నిద్రపోయేవాళ్లలో సుమారు 20. రోజూ పారేసేవి వాడేవాళ్లలో? అక్కడా సుమారు 2. డబ్బా పోయినా పుండ్లు పూర్తిగా పోలేదు, నిద్ర మాత్రం ప్రమాదాన్ని పదిరెట్లు చేసింది. నాకు ఈ అంకెలు చెప్పేది, పొర ఒక్కటే చాలదు, దానికి కంటి రక్షణ సడలిన సమయం కూడా తోడవ్వాలి అని.

రెప్పల అంచున పొలుసులు కట్టే దీర్ఘకాలపు బ్లెఫరైటిస్, కళ్లు పొడిబారడం, ఇవి కూడా వయసుతో పేరుకునే బయోఫిల్మ్ వల్లేనని 2016 నుంచి ఒక సిద్ధాంతం ప్రచారంలో ఉంది. రెప్పలు శుభ్రం చేస్తే ఉపశమనం రావడం దానికి అనుకూలం. కానీ ఆ ఉపశమనం నూనె గ్రంథులు తెరుచుకోవడం వల్ల కూడా రావొచ్చు. అది ఇంకా ఊహ దశలోనే ఉంది.

పొరను విడగొట్టడం ఎందుకంత సులువు కాదు

బంకను కరిగించే ఎంజైములు, బ్యాక్టీరియాల సంకేతాలను అడ్డుకునే రసాయనాలు, ఇనుమును లాగేసే పదార్థాలు, బ్యాక్టీరియాను తినే ఫేజ్ వైరస్‌లు, రంగు వేసి కాంతితో చంపడం, ఇలా చాలా దారుల్లో ప్రయత్నాలు నడుస్తున్నాయి. చంపకుండా విడగొట్టినంత మాత్రాన సరిపోదు. విడిపోయిన లక్షల కణాలు ఒక్కసారిగా ఈదడం మొదలుపెడతాయి, కాబట్టి అదే క్షణంలో తగినంత యాంటీబయాటిక్ అక్కడ ఉండాలి. కరిగించే మందు కార్నియాను ముట్టుకోకూడదు కూడా.

ఇంకో మెలిక ఉంది. ఇన్ఫెక్షన్ చోటికి వచ్చే న్యూట్రోఫిల్ తెల్లకణాలు తమ డీఎన్‌ఏను వలలా బయటికి విసిరి బ్యాక్టీరియాను పట్టుకుంటాయి. ఆ డీఎన్‌ఏనే సూడోమోనాస్ తన పొరకు ఆసరాగా వాడుకోగలదని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. ఆ లెక్కన డీఎన్‌ఏను కరిగించే ఎంజైమ్ మంచి మందులా తోస్తుంది. కానీ 2019లో వెలువడిన ఎలుకల అధ్యయనంలో, సూడోమోనాస్ పొర పట్టిన లెన్స్ పెట్టిన కళ్లలో, ఆ తెల్లకణాల వలే బ్యాక్టీరియాను కంటి ముందుభాగానికి పరిమితం చేసింది. వల కట్టలేని ఎలుకల్లో బ్యాక్టీరియా మెదడు దాకా వెళ్లింది. కాబట్టి ఆ ఎంజైమ్‌ను ఎప్పుడు, ఎంతసేపు, ఏ యాంటీబయాటిక్‌తో కలిపి వాడాలన్నది తేలనిదే దాన్ని మనిషి కంట్లో వేసే సాహసం కుదరదు.